పురుగుమందు పరీక్షకు ఎన్ని మళ్లు కావలయును?

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు చాలునను సామెతను ఎఱుగనివారు మనలో లేరు. ఇల్లాలు కుండలోని మెతుకులన్నిటిని నొక్కి చూడదు. ఒక్కటి నలిపి చూచి కుండ దించును. ఆమె తీర్పు తప్పుట అరుదు. ఏలయన కుండలోని నీరంతయు ఒక్క రీతిగా కాగును. బియ్యమంతయు ఒక్కసారియే పోయబడినది. ఏ మెతుకు పట్టి చూచినను తక్కినవి దానివలెనే యుండును.

చేను కుండవంటిది కాదు. గట్టు వెంబడి పైరు ఒక తీరుగను, కాలువ మొగను మఱొక తీరుగను ఉండును. పల్లమున పచ్చగాను, మెరకను పలుచగాను కనబడును. పురుగు ఒకచోట మందగా నుండును. పది అడుగుల దూరమున వెదకినను దొరకదు. అట్టి చేనిలో ఒక్క మెతుకు పట్టి చూచి తీర్పు చెప్పుట అపాయకరము. రైతులు ఏటేట పురుగుమందులకై వెచ్చించు ధనము స్వల్పము కాదు. అందు చాల భాగము అప్పు తెచ్చినదే. ఆ ధనమును ఏ మందుపై పెట్టవలయునో, అసలు పెట్టవలయునో కూడదో తేల్చుటకు చేయు పరీక్షలో ఎన్ని మళ్లు, ఎన్ని దుబ్బులు చూడవలయునో ముందుగా లెక్కకట్టు విధమును ఈ పాఠమున వివరించెదము. గుణకారము, భాగహారము వచ్చిన ప్రతి సభ్యుడును ఈ లెక్కను స్వయముగా చేసికొనగలడు.

ఒక్క జత మళ్ల సాక్ష్యము

ఒక సంగతి ఊహింతము. సంఘమునకు వరిలోని కాండము తొలుచు పురుగునకు, అనగా మొగిపురుగునకు, క్రొత్త మందొకటి వచ్చినది. ఒక సభ్యుని చేనిలో ఒక మడికి దానిని చల్లి, ప్రక్క మడిని చల్లక విడిచిరి. కోతల నాటికి చల్లిన మడిలో తెల్లకంకులు తక్కువగా కనబడినవి. మందు పనిచేసినదని ఊరంతయు చెప్పుకొనిరి. మరుసటి పంటకు అందఱును దానినే తెప్పింపుమని కోరిరి.

ఇప్పుడు ఒక ప్రశ్న వేసికొందము. ఆ సీసాలో మందునకు బదులుగా ఉత్త నీరే యున్నదనుకొనుడు. అప్పుడేమగును? రెండు మళ్లలో తెల్లకంకులు సరిసమానముగా నుండుట అరుదు గనుక ఏదో యొకదానిలో తక్కువ యుండియే తీరును. నీరు చల్లిన మడియే మెఱుగుగా కనబడుటకు సగము అవకాశము కలదు. అనగా ఒక్క జత మళ్ల పరీక్షలో ఉత్త నీరు సైతము రెండు మాఱులలో ఒక మాఱు గెలుచును. నాణెమును ఎగురవేసి బొమ్మయో బొరుసో చూచుటకును దీనికిని భేదము లేదు.

జతలను పెంచినకొలది ఈ మోసము తఱుగును. 2 జతలు పెట్టిన, రెండింటను ఉత్త నీరు గెలుచుట 4 మాఱులలో ఒక మాఱు. 5 జతలు పెట్టిన, అయిదింటను గెలుచుట 32 మాఱులలో ఒక మాఱు. 6 జతలైనచో 64 మాఱులలో ఒక మాఱు మాత్రమే. జతకు జత చేర్చినప్పుడెల్ల అవకాశము సగమగుచుండును. పరీక్షలో ఎన్ని మళ్లు కావలయునను ప్రశ్నకు ఇదియే పునాది.

చేను తనంతట తాను మాఱును

మందు లేకున్నను మడికి మడికి ఎంత భేదముండునో మనము తఱచు తక్కువగా తలంతుము. ఇంగ్లండులోని రాథంస్టెడ్ వ్యవసాయ పరిశోధనాస్థానమున మెర్సర్, హాల్ అను ఇద్దఱు శాస్త్రజ్ఞులు ఈ సంగతినే తూచి చూచిరి. ఒకే రీతిగా పెరిగిన ఒక ఎకరము గోధుమ పైరును 500 చిన్న మళ్లుగా విభజించి, ప్రతి మడి పంటను వేఱువేఱుగా కోసి గింజలను తూచిరి. 1911లో ఆ ఫలితములు ప్రకటింపబడినవి. ఏ మడికిని ప్రత్యేకముగా ఏ మందును ఏ ఎఱువును వేయలేదు. అయినను అతి తక్కువ పండిన మడిలో 2.73 పౌనులు, అతి హెచ్చుగా పండిన మడిలో 5.16 పౌనులు వచ్చినవి. ఒకదాని కొకటి దాదాపు రెట్టింపు! ఆ రెండు మళ్లను ప్రక్కప్రక్కన చూపి, ఒకదానికి మందు చల్లితిమని చెప్పినయెడల నమ్మనివాడెవడు?

ఆ పరిశోధనాస్థానముననే 1919లో చేరిన రొనాల్డ్ ఫిషర్ ఈ చిక్కును విడదీయు మార్గమును చూపెను. ప్రతి పరీక్షను పెక్కు మళ్లలో మరల మరల చేయవలయుననియు, ఏ మడికి మందు పడవలయునో మన యిష్టము చొప్పున గాక చీట్లు వేసి నిర్ణయింపవలయుననియు, పోలిక గల మళ్లను ఒకచోట చేర్చి పోల్చవలయుననియు ఆయన బోధించెను. 1925లోను 1935లోను ప్రకటింపబడిన ఆయన గ్రంథములు నేటికిని వ్యవసాయ పరీక్షలకు మూలాధారములు.

ఒకే ఇంటి పదిమంది సాక్షులు

“మడి యొక్కటియే యైనను అందులో 200 దుబ్బులను లెక్కించితిమి, 200 సాక్ష్యములున్నవి గదా” అని కొందఱందురు. ఇది మిక్కిలి వ్యాప్తిలోనున్న పొరపాటు. రచ్చబండకడ గట్టు తగవు వచ్చినప్పుడు ఒకే ఇంటివారు పదిమంది వచ్చి ఒకే మాట చెప్పినను పెద్దలు దానిని ఒక్క సాక్ష్యముగనే యెంచుదురు. అయిదు వేఱు ఇండ్లవారు అయిదుగురు చెప్పిన మాటకు అంతకంటె బలము హెచ్చు. ఒకే మడిలోని దుబ్బులు ఒకే ఇంటివారు. వానికి నేల ఒకటి, నీరు ఒకటి, నాటిన దినము ఒకటి, చల్లిన చేయి ఒకటి. ఆ మడి మొదటినుండియు మంచిదైనచో 200 దుబ్బులును మంచివిగనే కనబడును. మందునకు సాక్షి మడియే గాని దుబ్బు కాదు.

పురుగుల విషయమున ఈ హెచ్చరిక మఱింత అవసరము. సుడిదోమ యను పేరే మనకు పాఠము చెప్పుచున్నది. అది చేనంతట సమముగా పఱచుకొనక గుంపులు గుంపులుగా చేరి, పైరును సుడులు సుడులుగా ఎండజేయును. మొగిపురుగును అంతే. తల్లి రెక్కపురుగు గ్రుడ్లను ఒకచోట కుప్పగా పెట్టును. పొదిగిన పిల్లపురుగులు చుట్టుప్రక్కల దుబ్బులకు ప్రాకును. కావున ఒక దుబ్బున పురుగున్నచో ప్రక్క దుబ్బునను ఉండుట సహజము. రాథంస్టెడ్‌కు చెందిన టేలర్ అను శాస్త్రజ్ఞుడు 1961లో అనేక జాతుల ప్రాణుల లెక్కలను పోల్చి, సగటు పెరిగినకొలది చోటికి చోటికి గల భేదము కూడ ఒక క్రమమున పెరుగునని చూపెను. పురుగు హెచ్చిన ఏట లెక్క సులువగునని తలపరాదు. ఒకచోటి లెక్కకును మఱొకచోటి లెక్కకును భేదము అప్పుడే హెచ్చును.

చదువుకొన్నవారు సైతము ఈ పొరపాటున పడుచుందురు. అమెరికా దేశపు జీవశాస్త్రజ్ఞుడు హర్ల్‌బర్ట్ 1984లో, అచ్చయిన 176 పరీక్షలను తరచి చూచి, వానిలో నూటికి 27 పరీక్షలు ఒకే ఇంటి సాక్షులను వేఱు ఇండ్లవారిగా లెక్కించి తీర్పు చెప్పినవని తేల్చెను. కావున మనము పొరపడితిమని సిగ్గుపడ నక్కరలేదు. దిద్దుకొనకున్న మాత్రము తప్పు.

రెండు విధముల తప్పులు

పరీక్షలో జరుగగల తప్పులు రెండు. పనికిరాని మందును మంచిదని మెచ్చుకొనుట మొదటిది. మంచి మందును పనికిరాదని త్రోసివేయుట రెండవది. మొదటి తప్పువలన ధనము పోవును. అంతేగాక, అనవసరముగా చల్లిన మందు సాలెపురుగులను, సుడిదోమను పీల్చి చంపు మిరిడ్ నల్లులను నశింపజేయుటచే దోమ మునుపటికంటె విజృంభించుటయు కలదు. రెండవ తప్పువలన పంట పోవును. అయినను ఎవ్వరికిని తెలియదు. కనబడని నష్టము గనుక దీనిని గూర్చి మాటాడువారే యుండరు. మళ్ల సంఖ్యను నిర్ణయించునప్పుడు రెండింటిని చూడవలయును.

దీనిని లెక్కతో చూతము. సభ్యులు ఒక్కొక్కరు ఒక్కొక్క జత మళ్లు పెట్టుదురనుకొనుడు. మంచి మందు 10 జతలలో 9 జతలయందు గెలుచునని అనుకొందము.

ఆఱుగురు సభ్యులు పరీక్షించి, ఆఱింటను గెలిచిననే మందును కొనవలయునని నియమించిరనుకొందము. ఉత్త నీరు ఈ పరీక్షలో నెగ్గుట 64 మాఱులలో ఒక మాఱు మాత్రమే. మొదటి తప్పు తగ్గినది. కాని నిజముగా మంచిదైన మందు ఆఱింటను గెలుచుట నూటికి 53 మాఱులు మాత్రమే. తక్కిన 47 మాఱులు మంచి మందును వదలుకొందురు!

పండ్రెండుమంది పరీక్షించి, 12 జతలలో 10 గాని అంతకు మించి గాని గెలిచిన కొనవలయునని నియమించినచో ఏమగును? ఉత్త నీరు నెగ్గుట నూటికి 2 మాఱులు. మంచి మందు నెగ్గుట నూటికి 89 మాఱులు. సాక్షులు రెట్టింపు అగుటచే మొదటి తప్పు రమారమి అంతే యుండగా, రెండవ తప్పు 47 నుండి 11కు దిగినది. పరీక్ష చాలినంతదా కాదా యనుటకు అర్థమిదియే.

దిగుబడి లెక్కకు ఒక సూత్రము

గెలుపు ఓటములే గాక దిగుబడిలో ఎంత భేదము వచ్చినదో తెలియగోరిన మఱొక సూత్రము కలదు. దీనికి రెండు అంకెలు చాలును.

మొదటిది చేని సహజభేదము. మందు చల్లని, ఒకే కొలత గల 10 మళ్ల పంటను వేఱువేఱుగా తూచుడు. అత్యధికమునుండి అత్యల్పమును తీసివేసి 3చే భాగింపుడు. వచ్చినదానిని సగటుతో పోల్చి నూటికి ఎంతయో కట్టుడు. ఉదాహరణమునకు, సెంటు చొప్పున గల 10 మళ్ల సగటు 25 కిలోలు, హెచ్చు 30, తక్కువ 21 అనుకొందము. భేదము 9, మూటితో భాగింప 3, అది 25లో నూటికి 12. చేని సహజభేదము 12 అన్నమాట. 10 మళ్లను తూచినప్పుడు మాత్రమే 3చే భాగింపవలయును.

రెండవది మనకు ప్రయోజనము గల భేదము. దీనిని శాస్త్రము చెప్పదు, రైతు చెప్పవలయును. ఎకరమునకు 25 బస్తాలు పండు చేనికి మందును కూలియును కలిసి 2 బస్తాల వెల యగునేని, నూటికి 8 పాళ్లకు తక్కువగా పంట పెరిగిన యెడల నష్టమే. 5 బస్తాలు పెరిగినయెడల అది నూటికి 20.

ఇప్పుడు సహజభేదమును ప్రయోజనభేదముచే భాగించి, వచ్చినదానిని దానితోనే గుణించి, 16చే హెచ్చింపుడు. అదియే చల్లిన మళ్ల సంఖ్య. చల్లని మళ్లును అన్నియే కావలయును.

నూటికి 20 భేదమును చూడగోరిన: 12ను 20చే భాగింప 0.6, దానిని దానితో గుణింప 0.36; 16చే హెచ్చింప 5.76. అనగా 6 మళ్లు చొప్పున.
నూటికి 10 భేదమును చూడగోరిన: 23.04. అనగా 24 మళ్లు చొప్పున.
నూటికి 8 భేదమును చూడగోరిన: 36 మళ్లు చొప్పున.

వెదకు భేదము సగమైనచో మళ్లు నాలుగింతలు కావలయునని గమనింపుడు. లెక్కలో 6 గాని అంతకు తక్కువ గాని వచ్చినయెడల ఒకటి రెండు చేర్చుకొనుట మంచిది. 16 అను అంకె, పనికిరాని మందును మెచ్చుట నూటికి 5 మాఱులకును, మంచి మందును త్రోయుట నూటికి 20 మాఱులకును మించకుండునట్లు కుదిర్చినది. రెండవ తప్పును నూటికి 10కి తగ్గింపగోరినవారు 16కు బదులు 21 వేసికొనవలయును. ప్రక్కప్రక్క మళ్లను జతగూర్చి పోల్చినచో సహజభేదము కొంత తగ్గును గనుక లెక్క మనకు మఱింత అనుకూలించును.

పురుగుల సంఖ్యనే కొలుచునప్పుడు సహజభేదము పంటకంటె చాల హెచ్చుగా నుండును. అది నూటికి 40 అనుకొన్న, పురుగు సగము తగ్గుటను చూచుటకు 11 మళ్లు చొప్పునను, నాల్గవవంతు తగ్గుటను చూచుటకు 41 మళ్లు చొప్పునను కావలయును.

ఒక్కొక్క మడిలో ఎన్ని దుబ్బులు?

మడుల సంఖ్య కుదిరిన పిమ్మట ఒక్కొక్క మడిలో చూడవలసిన దుబ్బులను నిర్ణయింపవలయును. నూటికి 10 దుబ్బులకు పురుగున్న చేనును తీసికొందము. అచ్చటచ్చట 10 దుబ్బులు చూచిన, ఒక్క పురుగును కనబడకపోవుట నూటికి 35 మాఱులు. 20 దుబ్బులు చూచిన 12 మాఱులు. 30 చూచిన 4 మాఱులు. కావున “పది దుబ్బులు చూచితిని, పురుగు లేదు” అనుమాటకు విలువ స్వల్పము. జ్ఞాపకముంచుకొనుటకు ఒక సులభసూత్రము: ఒక్కటియు కనబడనప్పుడు 300ను చూచిన దుబ్బుల సంఖ్యచే భాగింపుడు. నూటికి అన్ని దుబ్బుల వఱకు పురుగు దాగియుండవచ్చును. 30 చూచిన 10. 100 చూచిన 3. 300 చూచిన 1.

తెల్లకంకుల లెక్కయు ఇట్టిదే. నిజముగా నూటికి 10 తెల్లకంకులున్న మడిలో 100 కంకులు చూచిన, మన లెక్క 4 మొదలు 16 వఱకు ఎచ్చటనైనను రావచ్చును. 400 చూచిన 7 మొదలు 13 వఱకు. 1,600 చూచిన రమారమి 8½ మొదలు 11½ వఱకు. లోపము సగమగుటకు శ్రమ నాలుగింతలు. కావున ఒకే మడిలో వేలకొలది కంకులను లెక్కించుటకంటె ఆ శ్రమతో మఱొక మడిని చేర్చుట మేలు. కంకులన్నిటిని ఒకచోటనే తీయక, మడిలో మూలనుండి మూలకు నడచుచు 20 చోట్ల ఒక్కొక్క దుబ్బును చూచుట మంచి పద్ధతి. కంకి దశలో దుబ్బునకు 20 – 25 సుడిదోమలు మించిన మందు చల్లవలయునను హద్దు సైతము చేని సగటును గూర్చినదే గాని, సుడిలో నిలిచి చూచిన ఒక్క దుబ్బును గూర్చినది కాదు.

పని చేయవలసిన క్రమము

1. మొదట చిన్న పరీక్ష చేసి చేని సహజభేదమును తెలిసికొనుడు. వంగదేశమున జనపపంట విస్తీర్ణమును అంచనా కట్టుటకు మహలనోబిస్ 1937 మొదలు చిన్న పరీక్షలు చేసి, ఎన్ని చోట్ల చూచిన ఎంత ఖర్చగును, ఎంత లోపముండును అని తేల్చుకొని, 1941లో రాష్ట్రమంతట పని సాగించెను. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన సి. ఆర్. రావు గారు ఆయన స్థాపించిన సంస్థలోనే 1941లో చేరి, తరువాత లోకప్రసిద్ధి గాంచిరి.

2. మళ్ల సంఖ్యను, గెలుపు నియమమును విత్తుటకు ముందే సంఘపు మినిట్ల పుస్తకమున వ్రాయుడు.

3. ప్రతి జతలోను మందు ఏ మడికి పడవలయునో చీటి వేసి తేల్చుడు. మంచి మడికి మందు చల్లుట మానవ స్వభావము. చీటికి పక్షపాతము లేదు.

4. చల్లిన మందు గాలికి ప్రక్క మడిపై పడకుండ రెండు మళ్ల నడుమ కొంత చోటు విడువుడు. గట్టు వరుసలను లెక్కింపక లోపలి దుబ్బులనే చూడుడు.

5. ఏ మడికి మందు పడినదో తెలియని వానిచే లెక్క పెట్టింపుడు. జతలోని రెండు మళ్లను ఒకే దినమున చూడుడు. పురుగులతోపాటు సాలెపురుగులను కూడ వ్రాయుడు. కోతనాడు రెండు మళ్ల గింజలను వేఱువేఱుగా తూచుడు.

6. అయిదారు జతలలో మందు గెలిచినంతనే పరీక్షను ఆపవలదు. ఓడిన జతను ఏదో సాకు చెప్పి తీసివేయవలదు. మధ్యలో ఆపుటయు, సాక్షిని తొలగించుటయు తీర్పును చెడగొట్టును.

సంఘమే పెద్ద చేను

పై లెక్కలు చూచి, “రెండెకరముల రైతు 36 జతల మళ్లను ఎచ్చటినుండి తెచ్చును?” అని అడుగవచ్చును. తేలేడు, తేనక్కరయు లేదు. ఒక్కని చేనిలో 12 జతలు పెట్టుటకంటె పండ్రెండుమంది చేలలో ఒక్కొక్క జత పెట్టుటయే మేలు. ఏలయన ఒక్క చేనిలో వచ్చిన తీర్పు ఆ చేనికే చెల్లును. పండ్రెండు చేలలో వచ్చిన తీర్పు ఊరికి చెల్లును. ఇరుగుపొరుగు సంఘములు మూడు కలిసిన 36 జతలు ఒక్క పంటలోనే సమకూరును. ఒక్కొక్కరు విడువవలసినది ఒక్క సెంటు మడి. వచ్చు లాభము అందఱిది. అప్పునకు ఒకరికొకరు పూచీ యుండుట సహకారమైనట్లే సాక్ష్యమునకు ఒకరికొకరు తోడుండుటయు సహకారమే.

ఇకమీదట ఎవరైనను ఒక మడిని చూపి మందును పొగడినప్పుడు ఒక్క ప్రశ్న అడుగుడు: “ఎన్ని జతలలో చూచితిరి? అందు ఎన్నింట గెలిచినది?” ఈ ప్రశ్నకు సరియైన జవాబు రానంతవఱకు సంఘపు పెట్టె తాళము తీయవలసిన పని లేదు.

అభ్యాసము

1. చేని సహజభేదము నూటికి 15. చూడగోరిన భేదము నూటికి 20. ఎన్నేసి మళ్లు కావలయును? (జవాబు: 9)

2. 60 దుబ్బులలో ఒక్క సుడిదోమయు కనబడలేదు. నూటికి ఎన్ని దుబ్బుల వఱకు దోమ యుండవచ్చును? (జవాబు: 5)

3. ఒక సభ్యుడు ఒక్క జత మళ్లలో 500 చొప్పున దుబ్బులను లెక్కించెను. మఱొక సంఘమువారు 10 జతలలో 20 చొప్పున లెక్కించిరి. ఎవరి తీర్పు నమ్మదగినది? ఏల? సభ్యులు వచ్చు సమావేశమున దీనిని చర్చింతురుగాక.